రెండుసార్లే పిలిచే బడి

ఆ బడి పేర్లు పిలుస్తుంది.

వరద వచ్చిన ఏడాదే, అదీ రాత్రిపూటే. వాన తెరిపిచ్చి, గాలి అడవి వైపు నుంచి తిరిగినప్పుడు... నీ పేరు నీకు వినిపిస్తుంది. తెలిసిన గొంతే. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. అంతే. మూడోసారి ఉండదు.

మా బ్రహ్మపుత్ర ఒడ్డున ఎవర్నడిగినా చెబుతారు — రాత్రి పిలుపుకి మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. రెండుసార్లు పిలిచి ఊరుకునేది మనిషి కాదు. దానికి మూడో పిలుపు చేతకాదు. తొందరపడి "ఊఁ" అన్నావా, ఆ "ఊఁ"తో పాటే నువ్వూ పోతావు.

కరకట్టకి అవతల, అడవి గడ్డి మొదలయ్యేచోట ఉంటుంది బడి. నాలుగు సిమెంటు గోడలు, పైన రేకులు. ఎప్పుడో ఒక వరదలో పంతులు ఒక్కడే అందులో చిక్కుకుపోయాడట. నీళ్ళు తీసేదాకా రాత్రిళ్ళు పిల్లల పేర్లు హాజరు పిలుస్తూనే ఉన్నాడట. తర్వాత ఎముకలు దొరికాయి. ఆ తర్వాత ఏ పిల్లా ఏ పిల్లాడూ అందులో అడుగుపెట్టలేదు. మేకలు కూడా ఆ గోడ నీడన పడుకోవు.

నేను దెయ్యాల్ని నమ్మను. మనిషిని మనిషి పీక్కుతినే వ్యవస్థ ఉండగా వేరే దెయ్యాలెందుకని ఊళ్ళో అందరితోనూ వాదించేవాణ్ణి. పడవ నడిపే పునారాం మామ ఈ సంగతి చెప్పాక కూడా అదే అంటున్నాను. కాకపోతే, గొంతు తగ్గించి అంటున్నాను.

నేను ఊళ్ళో లేని ఆ ఏడు కట్ట తెగింది.

తెగింది అనకూడదు. కట్టనిదాన్ని తెగిందనడం అబద్ధం. ఇసక పోసి మట్టి అన్నారు, పైన గడ్డి పరిచి కట్ట అన్నారు. వరద ప్రకృతి శాపం కాదు, పాలించేవాళ్ళ నేరం — ఈ మాట నేను కాగితాల మీద చదివి నేర్చుకున్నాను. మావాళ్ళు ముక్కుల్లోకి నీళ్ళు పోయి నేర్చుకున్నారు.

తెగకుండా మిగిలిన కాస్త గట్టుమీద మా మిసింగు తెగవాళ్ళ ఊరంతా ఎక్కింది. ఊరొక్కటే ఎక్కితే బాగుండేది. అడవి కూడా ఎక్కింది. టార్పాలిన్ కింద పిల్లల పక్కన జింకలు ముడుచుకుని పడుకున్నాయి. అన్నం గిన్నె మూత తీస్తే పాము. పడుకున్నవాళ్ళ కాళ్ళమీంచి అడవిపంది నడిచి, అవతలికెళ్ళి కూర్చుని, ఒళ్ళంతా వణుకుతూ మనుషుల్నే చూసింది. ఎవరూ ఎవర్నీ తరమలేదు. తరమడానికి చోటేది?

ఇక వాసన... దాని గురించి చెప్పాలంటే పునారాం మామ ముందు ఉమ్మేసేవాడు. ఉబ్బిన ఆవులు గట్టుకి కొట్టుకుని ఆగేవి. కర్రతో తోస్తే పొట్ట పగిలేది. ఆ నీళ్ళే తాగాలి. అటువైపే పిల్లలు కూర్చోవాలి. పెద్ద పడవలో వచ్చినవాళ్ళు అటుకుల ప్యాకెట్లు విసిరారు. విప్పితే పచ్చటి బూజు, అందులో తెల్లటి పురుగులు. విసిరినవాళ్ళు జింకలకి ఫోటోలు తీసుకున్నారు. "పాపం, ఎంత ముద్దుగా ఉందో" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుందట. జింక పక్కన విరేచనాలతో పడున్న ముసలాయన ఫోటోలోకి రాకుండా కాస్త పక్కకి జరిగి మరీ తీసిందట.

ఆ గట్టుమీదే హిరామొతి ఉంది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. మొగుడు డింబేశ్వర్‌కి నోరెక్కువ, పొలం తక్కువ. పెళ్ళాన్ని గట్టెక్కించాక వెనక్కి బయల్దేరాడు.

"ఎక్కడికి?"

"పంది ఇంటిమీదే ఉంది. చూలుతో ఉన్న పంది. ఎట్లా వదిలేస్తాం?"

"నువ్వు పోయి దానికి పురుడు పోస్తావా?"

"పోస్తా. మీ అమ్మ కంటే మర్యాదగా మాట్లాడుతుంది అది."

గట్టంతా నవ్వింది. హిరామొతి చేతికందిన బురద ముద్ద తీసి వాడి వీపుకేసి కొట్టింది. వాడు ఆ బురదతోనే అరటి బోదెల తెప్ప ఎక్కి, గెడ వేసుకుంటూ పోయాడు.

సాయంత్రానికి గుంజల మీది వాళ్ళ ఇల్లు ఇల్లుగానే కొట్టుకుపోవడం అందరూ చూశారు. దానిమీద డింబేశ్వర్ లేడు. పందీ లేదు.

చీకటిపడింది. వాన ఆగింది. గాలి తిరిగింది.

"హిరామొతీ..."

గట్టుమీద పిల్లల ఏడుపు సైతం ఆగిపోయింది.

హిరామొతి దిగ్గున లేచింది. నోరు తెరిచేలోపు ముగ్గురు ఆడవాళ్ళు మీదపడి నోరు మూసేశారు. ఊరిపెద్ద తులేశ్వర్ మెల్లగా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"పలక్కు తల్లీ. బడి హాజరు పిలుస్తోంది."

వేళ్ళ సందుల్లోంచి అంది — "అది మా ఆయన గొంతు."

"వాడి గొంతే. గొంతు వాడిది. పిలిచేది వాడు కాదు."

"హిరామొతీ..."

ఈసారి ఇంకా స్పష్టంగా. చివర్న కాస్త జీరతో. వాడికి జలుబు చేస్తే వచ్చే జీర అది. ఆమెకి తెలుసు.

"మూడోసారి పిలుస్తాడు," అంది. "ఉండండి. మాట్లాడకండి. పిలుస్తాడు."

అందరూ చెవులు రిక్కించారు. నీటి చప్పుడు. ఎక్కడో కొమ్మ విరిగి పడింది. జింక తుమ్మింది... అంతే. మూడో పిలుపు రాలేదు.

"చూశావా?" అన్నాడు తులేశ్వర్, లెక్క సరిపోయిందన్నట్టు.

పునారాం మామ ఈ చోట ఆగి నా వంక చూశాడు. "ఆ గొంతు విన్నవాళ్ళలో వాణ్ణి ఎత్తుకు తిప్పినవాళ్ళున్నార్రా అబ్బాయ్. వాడితో బియ్యం సారా తాగినవాళ్ళున్నారు. ఒక్కడూ లేవలేదు. నేనక్కడుంటే నేనూ లేవను. అబద్ధమెందుకు?"

మూఢనమ్మకం పేదవాడి మత్తుమందు అని నేనెన్నోసార్లు అన్నాను. కానీ ఇది మత్తులో చేసింది కాదు. కళ్ళు తెరుచుకుని, చెవులు తెరుచుకుని, ఒక మనిషి కేకని లెక్కపెట్టి, తక్కువైందని తీసి పారేశారు!

మర్నాడు హిరామొతి కనిపించిన ప్రతి పడవకీ మోకాళ్ళ లోతు బురదలో దిగి చేతులెత్తింది. బడి అనగానే గెడలు అవతలి వైపుకి పడ్డాయి. పెద్ద పడవవాళ్ళు, "అటు వైపు జంతువులున్నాయి, వెళ్ళకూడదు" అన్నారు. "ఇటు వైపు మేమున్నాం, మరి ఎట్లా వచ్చారు?" అని అడిగిందట. వాళ్ళు ఇంకో అటుకుల ప్యాకెట్ ఇచ్చారు.

ముందురోజే పాము కరిచిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన పునారాం మామ ఆ రోజు చీకటిపడే వేళకి తిరిగొచ్చాడు. పడవ ఇంకా ఒడ్డుకి ఆనలేదు, గాలి తిరిగింది.

"హిరా..."

పేరు సగమే వచ్చింది. మిగతా సగానికి ఓపిక లేనట్టు.

తులేశ్వర్ చెయ్యి అప్పటికే ఆమె నోటిమీద ఉంది. ఆమె ఆ చెయ్యి కొరికేసింది. కండ తెగేలా కొరికింది. ముసలాడు కెవ్వుమన్నాడు. ఆమె బురదలో జారుతూ, పడుతూ వెళ్ళి పునారాం మామ పడవలోకి దూకి గెడ లాక్కుంది.

"రా, లేదా పడవ నాకియ్యి. నాకు నడపడం రాదు. మునుగుతాను. ఆ పాపం నీకే."

"అది డింబో కాదే పిల్లా..."

"కాకపోతే నన్నే తింటుంది. నీకేం నష్టం?"

"హిరా..." మళ్ళీ వచ్చింది. రెండోది. అక్కడితో సరి.

పునారాం మామ తిట్టుకుంటూ గెడ లాక్కున్నాడు. ఎవర్ని తిట్టాడో గుర్తులేదన్నాడు.

అడవి వైపు నీళ్ళలో పోవడమంటే శవం ఒంటిమీద పాకినట్టే ఉంది, అన్నాడు. నురగ, కుళ్ళిన గడ్డి, చచ్చిన చేపలు. బంతుల్లా చుట్టుకుని తేలే ఎర్రచీమల ముద్దలు పడవకి తగలగానే విడిపోయి గెడ మీదుగా చేతులెక్కాయి. కొమ్మల మీద వేలాడే తీగలన్నీ తీగలు కావు. టార్చి వేస్తే తలలు తిప్పేవి. ఒకచోట చెట్టు మొద్దు ఎదురొచ్చింది... ఊపిరి తీసింది. ఖడ్గమృగం. ముక్కు, కొమ్ము మాత్రమే పైకున్నాయి. అది పడవని పట్టించుకోలేదు. దాని వీపుమీద కప్పలు, పురుగులు, తడిసిన కోడిపెట్ట ఒకటి — ఎవరింటిదో! మామ పడవ పక్కకి తీసి దారిచ్చాడు.

"అవన్నీ ఒకదాన్నొకటి చూసుకుని పక్కకి తప్పుకుంటున్నాయిరా," అన్నాడు. "సిగ్గేసింది."

బడి కనిపించే ముందే వాసన వచ్చింది. గట్టు మీది వాసన దీనిముందు పూలదండ. పుల్లగా, వేడిగా, పచ్చి మాంసం, ఉచ్చ కలిసినట్టు. హిరామొతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. కక్కుకుంటూనే ముందుకి చూసింది.

కిటికీలు సగం దాకా మునిగి ఉన్నాయి. లోపల చీకటి. ఏ అలికిడీ లేదు.

"పిలువు," అన్నాడు మామ, గుసగుసగా.

మా ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు. "ఏవయ్యో..." అంది.

లోపల్నించి ఏమీ లేదు... కాదు, ఉంది. బెంచీ కిర్రుమంది.

"ఏవయ్యో, నేనూ..."

బుడుంగుమని ఏదో నీళ్ళలో కాలు పెట్టింది. తర్వాత — గోడ లోపల్నించి గొంతు కాని గొంతు. రంపం నెమ్మదిగా కోస్తున్నట్టు. పడవ చెక్కలు అదిరాయి. అరికాళ్ళలో తెలిసింది, అన్నాడు మామ.

"తిప్పేస్తున్నా," అన్నాడు. "వాడు లేడు. ఉంటే పలకడా?"

"పలకడు. రెండోసారికి వాడూ పలకడు," అంది హిరామొతి. "వాడూ ఈ ఊళ్ళో పుట్టినవాడేగా! నన్నే దెయ్యమనుకుంటున్నాడు."

అని, గొంతు చించుకుంది.

"ఓరి పందిమొగుడా! పెళ్ళాన్ని బురదలో వదిలి పందికి పురుడు పోయడానికి వచ్చినవాడా! మా అమ్మ నోటి గురించి ఇప్పుడు మాట్లాడరా, చూస్తాను!"

ఏ దెయ్యమూ అట్లా తిట్టదు.

పైన రేకుమీద, లోపలి వైపు నుంచి — టక్. టక్.

మామ కిటికీలోంచి టార్చి వేశాడు. వెయ్యకుండా ఉండాల్సింది, అన్నాడు. కొట్టుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కిన బెంచీలు. వాటిమీద ముందరి కాళ్ళు, నీళ్ళలో వెనక కాళ్ళు, ఇటే తిరిగిన మొహం. రాత్రిపూట దాని పేరెత్తం మేం. "పెద్దది" అంటాం. డొక్కలు లోపలికి పోయి, తడిసిన చారలు ఎముకలకి అంటుకుపోయి, నోటి చుట్టూ ఈగలు. బెంచీమీద మిగిలిన దాంట్లో చెవి ఒకటి కనిపించింది. గుర్తుకోసం చివర కత్తిరించిన చెవి. హిరామొతి కత్తిరించినదే. పక్కనే, పుట్టకుండానే చచ్చిన పిల్లల గులాబీ ముద్దలు, సగం నమిలినవి.

పంది ఉన్నంతకాలం మొగుడున్నాడు. పంది అయిపోయింది.

ఎదుటి గోడకి సున్నం చారలు చారలుగా గీరి ఉంది. పైనించి గొంతు వినబడ్డప్పుడల్లా ఎగిరి గీరిన గోళ్ళ గుర్తులు. కిందవి పాతవి, పైవి కొత్తవి. ఆఖరి గీతలు దూలానికి మూర కిందిదాకా వచ్చి ఆగాయి.

దూలంమీద, రేకుకి అతుక్కుని, గబ్బిలంలా డింబేశ్వర్.

మామ పడవని వెనక్కి తిప్పి పైకప్పుకి ఆనించాడు. గెడ కొన గుచ్చి రేకు లేపాడు. తుప్పు మేకులు కీచుమంటూ ఊడాయి. కింద బెంచీలు కూలాయి, గోడమీద గోళ్ళు బరబరా గీరాయి, రేకు కింద వేడి ఊపిరి కొట్టింది. హిరామొతి కప్పుమీద బోర్లాపడుకుని రెండు చేతులూ ఆ కంతలోకి పెట్టింది. జుట్టు దొరికింది. జుట్టు పట్టుకునే లాగింది.

బయటికొచ్చింది మనిషి కాదు, జలగల సంచీ. చెవుల్లో, చంకల్లో, కనురెప్ప కింద కూడా. ఒకటి ముక్కులోంచి సగం వేలాడుతోంది. ఆమె దాన్ని పళ్ళతో పట్టి లాగి నీళ్ళలోకి ఉమ్మేసింది. అప్పుడు, ఆ కప్పుమీదే, ఆ చీకట్లోనే, వాడి మొహం రెండు చేతుల్తో పట్టుకుని తిట్లన్నీ మళ్ళీ మొదట్నించి తిట్టింది.

వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

దారంతా మాట్లాడలేదు. పడవ మధ్య చెక్కమీద కూర్చుని, కాళ్ళు అడుగున నిలిచిన నీళ్ళలో పెట్టుకుని, చీకట్లోకి చూస్తూ వచ్చాడు. "ఆకలా?" అంటే చూశాడు. "చలా?" అంటే చూశాడు.

గట్టు దగ్గరపడింది. వెదురు కాగడాలు కనిపించాయి. ఊరంతా నిలబడి ఉంది... ఎదురురావడానికి కాదు. చేతుల్లో గెడలు. పడవ ముక్కుని రెండు గెడలు ఆపేశాయి.

"ఆగు పునారాం," అన్నాడు తులేశ్వర్. కొరికిన చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. "దేన్ని తీసుకొస్తున్నావ్?"

"కళ్ళు పోయాయా? డింబేశ్వర్."

"అక్కడ దొరికింది డింబేశ్వర్ అని నీకెవరు చెప్పారు? ఆ పిల్లా?"

"నువ్వే ముట్టుకు చూడవయ్యా! నెత్తురు కారుతోంది!"

ఎవరూ ముట్టుకోలేదు. ఒకామె పిల్లాడి కళ్ళు మూసింది. వెనకనుంచి ఎవరో బూజు అటుకులు విసిరారు, మంత్రించినట్టు. ఈ చోట మామ మళ్ళీ ఉమ్మేశాడు. "పులి కూడా నాకు అసహ్యమనిపించలేదురా," అన్నాడు. "అది ఆకలితో ఉంది. వీళ్ళకేమైంది?"

హిరామొతి పడవలో నిలబడింది. "ఏం చేస్తే నమ్ముతారు?"

తులేశ్వర్ న్యాయం చెప్పేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. "మనిషైతే చేతనవుతుంది. పెళ్ళాం పేరు మూడుసార్లు పిలవమను. పిలిస్తే గట్టెక్కుతాడు. నేనే చెయ్యందిస్తాను."

"ఇంతేనా?" అని ఆమె నవ్వింది. వాడి భుజంమీద చెయ్యేసింది. "పిలువు. గట్టిగా పిలువు, చెవుడొచ్చినవాళ్ళకి వినబడాలి."

డింబేశ్వర్ ఆమె మొహంలోకి చూశాడు. పెదాలు తడుపుకున్నాడు.

"హిరామొతీ..."

గట్టుమీద గెడలు కాస్త కిందికి దిగాయి.

వాడు ఆగాడు. తల పక్కకి వంచి ఏదో విన్నాడు.

"హిరామొతీ..."

"ఊఁ, ఇంకొకటి," అంది ఆమె. "ఇంకొక్కసారి, అంతే."

కాగడాలు చిటపటలాడుతున్నాయి. జింకలు కూడా ఇటే చూస్తున్నాయి. డింబేశ్వర్ నోరు తెరిచాడు... మెల్లగా మూసుకున్నాడు. రెండు కాళ్ళూ నీళ్ళలోంచి తీసి, చప్పుడు కాకుండా, చెక్కమీదికి ముడుచుకున్నాడు. పడవ అడుగున చీకట్లోకి వంగి చూశాడు. చూస్తూనే, వేలు పెదవులమీద పెట్టి, గట్టుమీదివాళ్ళందరికీ సైగ చేశాడు —

అరవొద్దని.